విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఆటల కేంద్రాన్ని నడపడం ఎలా: గోదావరి డెల్టా కోసం ఒక మార్గదర్శి

గోదావరి డెల్టాలో ఏ కళాశాల ప్రాంగణానికి వెళ్లినా ఏదో ఒక మూల ఆటల గది ఉంటుంది. అందులో ఒక క్యారమ్ బోర్డు, గాలి తగ్గిన వాలీబాల్, గోడకు చేరవేసిన టేబుల్ టెన్నిస్ బల్ల, బీరువాలో కిందటేడు పోటీలకు కొన్న జెర్సీలు ఉంటాయి. తలుపుకు మాత్రం చాలా రోజులు తాళం వేసే ఉంటుంది. ఈ ప్రాంతపు కళాశాలల్లో ఫిజికల్ డైరెక్టరుగా చాలా ఏళ్లు పనిచేసిన వ్యక్తిగా నేను గట్టిగా నమ్మేది ఒక్కటే: ఆ తాళం చెవి ఎవరి దగ్గర ఉంటుంది, ఏ వేళకు తీస్తారు అన్న రెండు ప్రశ్నలకు సరైన జవాబు దొరికితే చిన్న గది కూడా వందలమందికి ఉపయోగపడుతుంది, దొరకకపోతే కోట్లు పెట్టి కట్టిన ఇండోర్ స్టేడియం కూడా పావురాలకు నివాసమవుతుంది. మీ ప్రాంగణంలో ఇటువంటి కేంద్రాన్ని కొత్తగా ప్రారంభించే బాధ్యత గాని, ఉన్నదాన్ని గాడిలో పెట్టే బాధ్యత గాని మీ మీద పడితే ఏ పని తరువాత ఏ పని చేయాలో ఇక్కడ వివరిస్తున్నాను.

ముందుగా ఎవరి కోసమో తేల్చుకోండి

విశ్వవిద్యాలయాల్లో ఆటల వ్యవహారం నిజానికి రెండు వేర్వేరు పనులు. మొదటిది జట్ల పని. రాజమహేంద్రవరంలోని ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం వంటి సంస్థకు అనుబంధంగా ఉన్న కళాశాలల మధ్య పోటీలు జరుగుతాయి, వాటిలో రాణించిన వారితో విశ్వవిద్యాలయ జట్టు తయారవుతుంది, ఆ జట్టు భారత విశ్వవిద్యాలయాల సంఘం ఆధ్వర్యంలోని అంతర్ విశ్వవిద్యాలయ పోటీలకు, 2020లో భువనేశ్వర్‌లో మొదలైన ఖేలో ఇండియా యూనివర్సిటీ గేమ్స్‌కు వెళుతుంది. రెండో పని ఏ జట్టులోనూ లేని విద్యార్థికి సంబంధించినది. అతనికి పతకం అక్కరలేదు. ప్రయోగశాలలో నాలుగు గంటలు నిలబడిన తరువాత ఒక గంట చెమట పట్టేలా ఆడుకోవాలి, నలుగురితో కలవాలి, రాత్రి నిద్ర పట్టాలి. ఆటల కేంద్రం ఈ రెండో పని కోసమే ఉంది. ఒకే సిబ్బంది, ఒకే మైదానం రెండింటికీ సరిపెట్టవలసి వచ్చినప్పుడు జట్ల పనికి తేదీలు, కప్పులు, పై అధికారుల ఉత్తరాలు ఉంటాయి కనుక రెండో పని ఎప్పుడూ వెనకబడుతుంది. అందువల్ల రెండింటికీ వేర్వేరు రిజిస్టర్లు, వేర్వేరు వేళలు, వీలైతే వేర్వేరు ఖర్చు పద్దులు మొదటి రోజు నుంచే పెట్టుకోండి.

ఆ తరువాత ఒక వారంపాటు లెక్క తీయండి. ఒక నోటు పుస్తకం పట్టుకుని ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం ప్రాంగణమంతా తిరిగి, ఏ వేళలో ఎంతమంది ఖాళీగా కనిపిస్తున్నారో, వారిలో హాస్టలు విద్యార్థులెందరో, ఇళ్ల నుంచి బస్సుల్లో వచ్చిపోయే వారెందరో రాసుకోండి. డెల్టాలో ఈ రెండో వర్గం చాలా పెద్దది. అమలాపురంలోని కళాశాలకు రాజోలు వైపు నుంచి, ముమ్మిడివరం వైపు నుంచి, భీమవరంలోని కళాశాలకు చుట్టుపక్కల గ్రామాల నుంచి పిల్లలు రోజూ బస్సుల్లో, కొందరు పంటు దాటి కూడా వస్తారు. సాయంత్రం నాలుగున్నర బస్సు తప్పితే ఇంటికి చేరేసరికి చీకటి పడుతుందని భయపడే అమ్మాయికి మీరు ఐదు గంటలకు తెరిచే కేంద్రం లేనట్టే లెక్క. మీరు రాయబోయే వేళల పట్టికకు ఈ వారం రోజుల నోటు పుస్తకమే పునాది.

వేళల పట్టిక

దీని మీదే ఎక్కువ సమయం వెచ్చించమని కోరుతున్నాను. డెల్టా ఎండను, ఉక్కపోతను దృష్టిలో పెట్టుకుంటే బయటి మైదానానికి ఉదయం ఐదున్నర నుంచి ఎనిమిది వరకు, సాయంత్రం నాలుగున్నర నుంచి చీకటి పడే వరకు అనువైన సమయం. మార్చి చివరి నుంచి జూన్ వానలు పడే వరకు సాయంత్రం వేళను ఐదున్నరకు జరపాలి. లోపలి ఆటలకు ఉదయం ఆరు నుంచి రాత్రి ఎనిమిదిన్నర వరకు ఏదో ఒక భాగం తెరిచే ఉండాలి. బస్సు విద్యార్థుల కోసం మధ్యాహ్న భోజన విరామంలో గంటసేపు టేబుల్ టెన్నిస్, క్యారమ్స్, చదరంగం అందుబాటులో పెట్టండి. వారు చెమట పట్టే ఆట ఆడి తరగతికి వెళ్లలేరు, స్నానపు గదులు లేని చోట అది న్యాయం కూడా కాదు. వారికోసం వారానికి ఒక రోజైనా చివరి పీరియడును ఆటలకు కేటాయించమని ప్రిన్సిపాలును లిఖితపూర్వకంగా అడగండి. నోటిమాటగా అడిగినది పరీక్షల తేదీలు రాగానే మాయమవుతుంది.

అమ్మాయిల వేళల గురించి నా సొంత తప్పు ఒకటి చెప్పాలి. నేను పనిచేసిన ఒక కళాశాలలో అమ్మాయిలకు మధ్యాహ్నం మూడు నుంచి నాలుగు వరకు బాడ్మింటన్ హాలు కేటాయించాను. అది రేకుల కప్పు. మూడు గంటలకు లోపల నిలబడితే ఊపిరాడదు. పైగా ఆ వేళకు సగం మందికి తరగతులు ఉండేవి. ఎవరూ రాలేదు. ఏడాది చివర నివేదికలో అమ్మాయిలకు ఆసక్తి లేదని నా చేతులతో నేనే రాశాను. మరుసటి ఏడు ఒక విద్యార్థిని వచ్చి, సార్, మా హాస్టలు హాజరు ఆరున్నరకు, మాకు ఐదున్నర నుంచి హాలు ఇచ్చి ఆ హాజరును అరగంట ఆలస్యంగా ఏడింటికి పెట్టిస్తే వస్తాం అని అడిగింది. వార్డెనుతో మాట్లాడి అలాగే చేశాము. నెల తిరగకుండానే రెండు కోర్టులు చాలక వంతులు వేయవలసి వచ్చింది. రిజిస్టరులో ఒక వర్గం పేర్లు కనిపించకపోతే వారికి ఆసక్తి లేదని రాసే ముందు, ఆ వేళకు వారు ఎక్కడ ఉండవలసి వస్తున్నదో వెళ్లి చూడండి.

అమ్మాయిలకు ప్రత్యేక వేళ ఇవ్వడంతో పాటు, అందరూ కలిసి ఆడే వేళలో కూడా కనీసం ఒక కోర్టు వారికి ఉంచాలి. లేకపోతే ప్రత్యేక వేళ వారికి హద్దుగా మారుతుంది. ఆ సమయంలో ఒక మహిళా ఉద్యోగి గాని, బాధ్యత తీసుకున్న సీనియర్ విద్యార్థిని గాని అక్కడ ఉండేలా చూడండి. మైదానం నుంచి హాస్టలు వరకు దారిలో దీపాలు వెలుగుతున్నాయో లేదో మీరే రాత్రి వేళ ఒకసారి నడిచి చూడండి.

పరీక్షల సమయంలో కేంద్రాన్ని మూసివేయడం మన దగ్గర పాత అలవాటు. దయచేసి దాన్ని మానండి. వేళలు కుదించండి, పోటీలు ఆపండి, గోల లేకుండా చూడండి; కానీ తెరిచే ఉంచండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం పెద్దవారికి వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమ అవసరం. అంటే వారానికి ఐదు రోజులు, రోజుకు అరగంట వేగంగా నడిచినా కనీస లెక్క సరిపోతుంది. పుస్తకాల ముందు పది గంటలు కూర్చునే రోజుల్లోనే ఆ అరగంట మరింత అవసరం.

తాళం చెవులు రెండు జతలు ఉండాలి, అవి ఇద్దరు వేర్వేరు వ్యక్తుల దగ్గర ఉండాలి. ఒకరు సెలవు పెట్టిన రోజు రెండోవారు తప్పనిసరిగా తీయాలి. తెరవలేకపోయిన ప్రతి రోజునూ కారణంతో సహా ఒక పుస్తకంలో రాయండి. ఆ పుస్తకం మీకు కొన్నాళ్లు ఇబ్బందిగా ఉంటుంది, అయినా రాయండి.

నేల, నీరు, కప్పు

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి ఈ నేలలో పంటకు నీరు అందింది. ఆట స్థలానికి మాత్రం నీరు నిలవడమే పెద్ద సమస్య. ఒండ్రు, బంకమన్ను కలిసిన మన నేల వానకు ఉబ్బి జిగటగా మారుతుంది, ఎండకు బీటలు వారుతుంది. చుట్టూ వరి చేలు ఉంటే అడుగున నీటిమట్టం పైకే ఉంటుంది. కనుక మైదానం వేసే ముందు ఆ స్థలం పక్కనున్నది పంట కాలువా, మురుగు కాలువా అన్నది చూసి, మీ నీరు మురుగు కాలువలోకే పోయేలా, దాని మట్టం కన్నా మీ స్థలం ఎత్తుగా ఉండేలా మెరక చేయించండి. మెట్ట ప్రాంతం నుంచి వచ్చే ఎర్ర గ్రావెల్‌ను పొరలు పొరలుగా పోసి, ప్రతి పొరనూ తడిపి రోలరుతో అణచి, పైన సన్నని మట్టి పరిస్తే వాన వెలిసిన కొద్ది గంటల్లో ఆడుకోవచ్చు. ఒకేసారి మందంగా పోసి అణచిన నేల మొదటి వానకే గుంటలు పడుతుంది.

కొలతలు కాగితం మీద వేసుకునేటప్పుడు గీతల లోపలి స్థలంతో పాటు చుట్టూ ఖాళీని కూడా లెక్కించాలి. వాలీబాల్ కోర్టు 18 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పు. చుట్టూ కనీసం 3 మీటర్ల ఖాళీ కావాలి కనుక 24కు 15 మీటర్ల స్థలం లేనిదే అది కోర్టు కాదు. నెట్టు ఎత్తు పురుషులకు 2.43 మీటర్లు, స్త్రీలకు 2.24 మీటర్లు. బయటి వాలీబాల్ కోర్టుకు నీరు జారేందుకు మీటరుకు 5 మిల్లీమీటర్ల వాలు నిబంధనలే అనుమతిస్తాయి. ఈ వెసులుబాటు మన డెల్టా కోసమే రాశారా అనిపిస్తుంది, తప్పక వాడుకోండి. ఖో-ఖోకు 27కు 16 మీటర్లు, పురుషుల కబడ్డీకి 13కు 10, స్త్రీల కబడ్డీకి 12కు 8 మీటర్లు సరిపోతాయి. మన పెద్దలు చెడుగుడు అని పిలిచిన ఈ ఆటకు ఖర్చు తక్కువ, ఒకేసారి పద్నాలుగు మంది ఆడవచ్చు. కేవలం గీతలు, తడిపి గుల్ల చేసిన మెత్తటి మట్టి ఉంటే చాలు. స్థలం తక్కువ ఉన్న ప్రాంగణంలో క్రికెట్ పిచ్ కన్నా ముందు కబడ్డీ కోర్టు వేయించడం నాకు న్యాయంగా తోస్తుంది.

బాడ్మింటన్ కోర్టు డబుల్స్‌కు 13.40 మీటర్ల పొడవు, 6.10 మీటర్ల వెడల్పు. అమలాపురంలో పుట్టిన సాత్విక్ సాయిరాజ్ రంకిరెడ్డి 2022లో పురుషుల జట్ల ప్రపంచ పోటీ అయిన థామస్ కప్ గెలిచిన భారత జట్టులో ఉండి, అదే ఏడు కామన్వెల్త్ క్రీడల్లో, 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో చిరాగ్ శెట్టితో కలిసి డబుల్స్ స్వర్ణం గెలిచిన తరువాత ఈ ప్రాంతంలో ఏ ఆటల కేంద్రమైనా మొదట బాడ్మింటన్ కోర్టునే అడుగుతోంది. అయితే హాలు కట్టేవారు సాధారణంగా రెండు విషయాలు మరిచిపోతారు. మొదటిది గాలి: సముద్రపు గాలి నేరుగా కోర్టు మీదికి వస్తే షటిల్ నిలవదు, అలాగని అన్నీ మూసేస్తే ఉక్కతో ఆడలేరు. అందుకని కిటికీలు ఎత్తుగా, కోర్టు పక్కలకు పెట్టించి, వెలుతురు సూటిగా కళ్లలో పడకుండా చూడాలి. రెండోది చెమ్మ: చెక్క నేల వేయదలిస్తే కింద గాలి ఆడే ఖాళీ, చెదల మందు తప్పనిసరి. వాటికి డబ్బు లేకపోతే మంచి సిమెంటు నేల మీద సింథటిక్ మ్యాట్ పరచడమే మేలు.

మైదానం చుట్టూ కొబ్బరి చెట్లు ఉంటే కాయలు ముదరకముందే ఎప్పటికప్పుడు దింపించండి, ఎండు మట్టలు తీయించండి, ఆ చెట్ల కింద బల్లలు వేయకండి. నీడ కోసం పిల్లలు సరిగ్గా అక్కడే కూర్చుంటారు.

సామాను కొనడం, ఇవ్వడం, కాపాడటం

డబ్బు రాగానే ట్రెడ్‌మిల్లులు కొనాలని కమిటీలో ఎవరో ఒకరు అంటారు. అవి ఫోటోలో బాగుంటాయి. కరెంటు హెచ్చుతగ్గులకు, ఉప్పు గాలికి అవి త్వరగా మొరాయిస్తాయి, బాగుచేసేవారు దూరం నుంచి రావాలి, పైగా ఒక యంత్రం మీద ఒక్కరే నడవగలరు. మొదట డంబెల్స్, బార్, పలకలు, స్కిప్పింగ్ తాళ్లు, యోగా చాపలు, పుల్-అప్ కమ్మీలు కొనండి. మొత్తం బడ్జెట్‌లో ఒక భాగాన్ని షటిల్స్, బంతులు, నెట్లు వంటి అరిగిపోయే సామానుకు ప్రతి సెమిస్టరుకూ విడిగా కేటాయించండి. చాలా కేంద్రాలు మూతపడేది యంత్రాలు లేక కాదు, ఆగస్టులో షటిల్స్ అయిపోయి మార్చి వరకు మళ్లీ కొనకపోవడం వల్ల.

సామాను ఇచ్చే పద్ధతి సులువుగా ఉండాలి. విద్యార్థి గుర్తింపు కార్డు చూపి, రిజిస్టరులో పేరు, వస్తువు, సమయం రాసి తీసుకుంటాడు. తిరిగి ఇచ్చేటప్పుడు వస్తువును ఇద్దరూ చూసి సంతకం పెడతారు. కార్డును మీ దగ్గరే అట్టిపెట్టుకుంటే బస్సు పాసు కోసమో గ్రంథాలయం కోసమో అతను ఇబ్బంది పడతాడు కనుక నెంబరు రాసుకుంటే చాలు. ఆటలో సహజంగా తెగిన తీగలకు, చిరిగిన షటిల్‌కు జరిమానా వేయకండి. పోగొట్టినదానికి దాని ధర మాత్రమే వసూలు చేయండి. భయంతో బ్యాటు ముట్టని విద్యార్థి వల్ల మీ సామాను కొత్తగానే ఉంటుంది గాని దాని వల్ల ఎవరికీ ఉపయోగం లేదు.

మన గాలిలో ఇనుము తుప్పు పడుతుంది, తోలు బూజు పడుతుంది, చెక్క ఉబ్బుతుంది. బార్లను, పలకలను రోజూ పొడి గుడ్డతో తుడిచి వారానికోసారి పలుచగా నూనె రాయించండి. తోలు బంతులను గోనె సంచిలో కట్టిపెట్టకుండా గాలి తగిలేలా వలలో వేలాడదీయండి. క్యారమ్ బోర్డులను గోడకు ఆనించకుండా పీట మీద పడుకోబెట్టండి. వానాకాలంలో చాపలను ఎండ కాసిన ప్రతి పూటా బయట ఆరబెట్టండి, లేకపోతే చర్మవ్యాధులు ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటాయి.

మనుషులు, ప్రమాదాలు

ఫిజికల్ డైరెక్టరు గారు ఒక్కరే రోజుకు పన్నెండు గంటలు కేంద్రంలో ఉండలేరు. విద్యార్థులనే సహాయకులుగా తీసుకుని, ఒక్కొక్కరికి వారానికి మూడు నాలుగు పూటలు, పూటకు రెండు గంటల చొప్పున పని ఇచ్చి, వీలైనంత గౌరవ వేతనం ఇప్పించండి. జట్టు ఆటగాళ్లనే కాకుండా, ఓపికగా మాట్లాడే, లెక్క రాయగల విద్యార్థులను ఎంచుకోండి. మొదటిసారి లోపలికి అడుగుపెట్టిన పిల్లకు బ్యాటు పట్టుకోవడం రాదని చూసి నవ్వే సహాయకుడు మీ కేంద్రానికి విరిగిన కిటికీ కన్నా ఎక్కువ నష్టం చేస్తాడు.

పని అప్పగించే ముందు ప్రతి సహాయకునికీ ప్రథమ చికిత్సలో శిక్షణ ఇప్పించాలి. గుండె ఆగి పడిపోయిన పెద్దవారికి ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతుకు నొక్కడం వారికి చేతితో చేసి చూపించగలిగేంతగా రావాలి. ఈలోగా ఇంకొకరు 108కు ఫోను చేయాలి. చీలమండ బెణికితే ఆట ఆపించి, గుడ్డలో చుట్టిన ఐసు పెట్టి, కాలు ఎత్తులో ఉంచాలి; వెంటనే మర్దన చేయడం మంచిది కాదు. వడదెబ్బ తగిలినవారిని నీడకు చేర్చి, ఒళ్లంతా తడిపి విసరాలి; తెలివిలో ఉంటేనే ఓఆర్ఎస్ గాని, ఉప్పు కలిపిన మజ్జిగ గాని తాగించాలి, మాట తడబడుతుంటే క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి పంపాలి.

చేల మధ్య ఉన్న ప్రాంగణాల్లో పాములు రావడం సహజం. వరి కోతల సమయంలో, వరద నీరు చేరినప్పుడు మరీ ఎక్కువ. మైదానం అంచుల్లో గడ్డి కోయించండి, కొబ్బరి డొక్కలు, రాళ్లు కుప్పలుగా ఉంచకండి, చీకట్లో బంతి వెతకడానికి టార్చిలైటు లేకుండా ఎవరినీ వెళ్లనీయకండి. కాటు వేస్తే ఆ కాలిని గాని, చేతిని గాని కదలకుండా ఉంచి, గట్టిగా కట్లు కట్టకుండా, కోయకుండా, నాటు మందులు వేయకుండా, విషానికి విరుగుడు ఇంజెక్షను ఉన్న ఆసుపత్రికి చేర్చాలి. అది ఏ ఆసుపత్రిలో ఉందో మీరు ముందే కనుక్కుని గోడ మీద రాసి ఉంచండి. ఉరుము వినబడగానే మైదానం ఖాళీ చేయించి, చివరి ఉరుము తరువాత 30 నిమిషాలు గడిచే వరకు ఎవరినీ దిగనీయకండి. గెలిచే జట్టు ఇంకో రెండు పాయింట్లే కదా అని బతిమాలుతుంది, వినకండి.

ఈత కొలను ఉంటే

మన పిల్లల్లో చాలామంది తమకు ఈత వచ్చనుకుంటారు. కాలువ మెట్ల దగ్గర నేర్చిన ఈత వేరు, లోతు నీటిలో అలిసిపోయినప్పుడు తేలగలగడం వేరు. ప్రతి వేసవిలోనూ గోదావరి పాయల్లో, కాలువల్లో స్నానానికి దిగి చనిపోయిన విద్యార్థుల వార్తలు చదువుతూనే ఉన్నాము. అందుకే కొలను ఉన్న ప్రాంగణం మొదటి సంవత్సరం విద్యార్థులందరికీ, ముఖ్యంగా లంక గ్రామాల నుంచి వచ్చేవారికి, తేలడం, శ్వాస అదుపు, మునిగేవారికి నీటిలోకి దిగకుండానే తాడో కర్రో అందించి లాగడం నేర్పాలి. కొలను నీటి పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) 7.2 నుంచి 7.8 మధ్య, స్వేచ్ఛా క్లోరిన్ (క్రిములను చంపడానికి నీటిలో ఇంకా మిగిలి ఉన్నది) లీటరుకు 1 నుంచి 3 మిల్లీగ్రాముల మధ్య ఉండేలా రోజుకు రెండుసార్లు పరీక్షించి బోర్డు మీద రాయించండి. శిక్షణ పొందిన లైఫ్‌గార్డు గట్టున లేనప్పుడు కొలను మూసే ఉండాలి; దీనికి ఎవరి సిఫారసూ చెల్లదు. కొలను లేకపోతే ఈత నేర్పడానికి పిల్లలను కాలువకు తీసుకుపోవద్దు.

కొత్తవారిని లోపలికి తెచ్చే కార్యక్రమాలు

తెరిచి ఉంచిన తలుపు చూసి వచ్చేవారు కొందరే. మిగిలినవారికి ఒక పిలుపు, ఒక తోడు కావాలి. సెమిస్టరు మొదటి నెలలో ప్రతి ఆటకూ కొత్తవారి తరగతులు పెట్టండి. అక్కడికి జట్టు ఆటగాళ్లు నేర్పేవారిగా మాత్రమే రావాలి. తరువాత బ్రాంచీల మధ్య, హాస్టలు అంతస్తుల మధ్య చిన్న లీగు నడపండి. ఒక్కసారి ఓడితే ఇంటికి పంపే నాకౌట్ పద్ధతి కన్నా అందరూ అందరితో ఆడే పద్ధతి ఎంచుకోండి, ఎందుకంటే బలహీనమైన జట్టుకే ఎక్కువ ఆటలు కావాలి. ఆగస్టు 29న ధ్యాన్‌చంద్ జయంతి జాతీయ క్రీడా దినోత్సవం, 2019లో ఫిట్ ఇండియా ఉద్యమం మొదలైనదీ అదే రోజున. ఆ రోజు పోటీలతో పాటు, అంతవరకు కేంద్రం ముఖం చూడని వారిని ఒక్కొక్క సభ్యుడు ఒక్కరిని చొప్పున వెంటబెట్టుకు రమ్మనండి.

జూలై నుంచి నవంబరు వరకు వానలు, వాయుగుండాలు మైదానాన్ని లాక్కుంటాయి. ఆ సాయంత్రాలకు లోపలి కార్యక్రమాలు ముందే సిద్ధంగా ఉండాలి. చదరంగం, క్యారమ్స్‌తో పాటు మన అష్టాచెమ్మా, పులి-మేక, వామనగుంటలు కూడా పెట్టండి. వామనగుంటల పీట ముందు కూర్చున్న విద్యార్థినుల చుట్టూ పదిమంది చేరడం నేను చూశాను. అమ్మమ్మల దగ్గర నేర్చిన ఎత్తులు వారికి ఇంకా గుర్తున్నాయి. అమలాపురంలో దసరాకు చెడీ తాలింఖానా అనే సంప్రదాయ యుద్ధవిద్యల ప్రదర్శన చూసి పెరిగిన పిల్లలు మీ ప్రాంగణంలో ఉంటే కర్రసాము నేర్పే గురువును ఆహ్వానించి, హాలులో వారానికి రెండు పూటలు కేటాయించండి.

నడవలేని, చూడలేని విద్యార్థులను ప్రేక్షకులుగా కూర్చోబెట్టి ఊరుకోవద్దు. గుమ్మం దగ్గర ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవున వాలు దారి కట్టించండి. కూర్చుని ఆడే వాలీబాల్‌కు 10కు 6 మీటర్ల కోర్టు, పురుషులకు 1.15 మీటర్లు, స్త్రీలకు 1.05 మీటర్ల ఎత్తున నెట్టు చాలు. కాళ్లు బాగున్నవారు కూడా కూర్చునే ఆడవచ్చు కనుక జట్టుకు మనుషులు దొరకరన్న బెంగ ఉండదు. చూపు లేనివారి కోసం గళ్లకు రంధ్రాలు, నల్లపావులకు గుర్తులు ఉన్న చదరంగం బల్లలు దొరుకుతాయి, ఒకటైనా కొనండి.

ఊరితో సంబంధం

ప్రాంగణం గోడ అవతల ఊరు ఉంది. తెల్లవారుజామున నడిచే విశ్రాంత ఉద్యోగులు, బోధన, బోధనేతర సిబ్బంది కుటుంబాలు, వేసవి సెలవుల్లో ఎండలో తిరిగే బడి పిల్లలు, అందరికీ ఈ స్థలం అవసరమే. ఉదయం ఏడు వరకు నడక దారిని ఊరివారికి ఉచితంగా తెరవండి, పేర్లు నమోదు చేసుకుని చిన్న కార్డులు ఇవ్వండి. సిబ్బంది కుటుంబాల దగ్గర నామమాత్రపు నెల రుసుము తీసుకోవచ్చు. విద్యార్థుల దగ్గర ఏటా ఆటల ఫీజు ఇప్పటికే వసూలు చేస్తున్నారు కనుక వారిని మళ్లీ డబ్బు అడగడం తగదు. సాయంత్రం వేళ మాత్రం విద్యార్థులకే మొదటి హక్కు అని బోర్డు మీద స్పష్టంగా రాయండి. ఊరి పెద్దల మొహమాటానికి ఆ ఒక్క నియమం సడలిస్తే నాలుగు నెలల్లో కోర్టులు బయటివారి చేతుల్లోకి పోతాయి. పెళ్లిళ్లకు, సభలకు మైదానం అద్దెకివ్వమని అడిగేవారికి మర్యాదగా కాదనండి. పందిరి గుంజల గోతులు, విరిగిన సీసాలు ఆ తరువాత ఏడాదంతా కాళ్లకు తగులుతాయి.

తుఫాను వేళ మాత్రం లెక్క వేరు. 1996 నవంబరు తుఫానును చూసిన కోనసీమవాసులకు గట్టి కప్పు విలువ ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. మీ హాలు పక్కా కట్టడమైతే, హెచ్చరిక వచ్చిన గంటలోనే నెట్లు విప్పి, సామాను ఎత్తులో పెట్టి, తాగునీరు, జనరేటరు సిద్ధం చేసి ఊరివారికి ఆశ్రయంగా తెరవగలిగేలా ఎవరు ఏ పని చేయాలో ముందే రాసి ఉంచండి. అక్టోబరు రాకముందే ఒకసారి ఆ పనులన్నీ సాధన చేయించండి.

లెక్కలు, ఫిర్యాదులు, వేసవి మరమ్మతులు

రిజిస్టరులో రోజువారీ మొత్తం సంఖ్య కన్నా మూడు విషయాలు ఎక్కువ చెబుతాయి: ఈ నెల మొదటిసారి వచ్చినవారెందరు, వారిలో మళ్లీ వచ్చినవారెందరు, అమ్మాయిలెందరు. అదే నలభైమంది రోజూ రెండుసార్లు వచ్చినా మొత్తం సంఖ్య పెద్దగానే కనిపిస్తుంది. ఫిర్యాదుల పుస్తకాన్ని తాడుతో కౌంటరుకు కట్టి ఉంచండి, ప్రతి శనివారం చదివి ప్రతి ఫిర్యాదు కింద ఏం చేశారో, చేయలేకపోతే ఎందుకో రాసి సంతకం పెట్టండి. ఏ చిన్న గాయమైనా వేరే పుస్తకంలో తేదీ, స్థలం, కారణంతో నమోదు కావాలి. ఒకే మూల దగ్గర ముగ్గురు జారిపడ్డారని ఆ పుస్తకమే చెబుతుంది, ఎవరి జ్ఞాపకమూ చెప్పదు.

పెద్ద మరమ్మతులన్నీ వేసవిలోనే ముగించాలి. కాలువలు కట్టేసిన ఆ కొద్ది వారాల్లో నీటిమట్టం దిగుతుంది, మురుగు కాలువల అడుగు కనిపిస్తుంది, విద్యార్థులు ఊళ్లకు వెళ్లిపోతారు. మొదట మైదానం నుంచి మురుగు కాలువ దాకా ఉన్న తూములు, గొట్టాలు పూడిక తీయించండి, తరువాత కుంగిన చోట్ల గ్రావెల్ పోయించి రోలరు తిప్పించండి, ఆ తరువాతే గీతలు, రంగులు, నెట్టు స్తంభాల పని పెట్టండి. కప్పు రేకుల మేకులను, దీపాల వైర్లను చివరగా తనిఖీ చేయించండి. జూన్‌లో కాలువలకు మళ్లీ నీరు వదిలే ముందు ఒక ట్యాంకరు నీటిని మైదానం మధ్యలో వదిలి, అది ఎటు పోతున్నదో, ఎంతసేపటికి ఇంకుతున్నదో దగ్గర నిలబడి చూడండి. నీరు నిలిచిన చోట సున్నంతో గుర్తు పెట్టించి, అదే రోజు మట్టి వేయించండి.